చూసుడు వేరు, తినుడు వేరు

నల్గొండలో మేము కిరాయికి ఉన్న పాత వీధిలో ఉప్పు చూసే అవ్వ పోయింది. నిన్న దినానికి వెళ్ళి, సాయంత్రం బస్సుకు నందికొండ తిరిగి వచ్చాను. పాప నిద్రపోయింది. ఊపిరి ఆడుతోందో లేదో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుని వచ్చి కూర్చున్నాను. ఇది రాస్తూ రాస్తూ మళ్ళీ లేచి చూస్తాను. మా ఆయన దీన్ని నా డ్యూటీ అంటారు. డ్యామ్ ఆఫీసులో ఆయన డ్యూటీ సాయంత్రానికి అయిపోతుంది. నాది అప్పుడు మొదలవుతుంది.

అవ్వ పేరు నాకు తెలియదు. దినం నాడైనా తెలుస్తుందనుకున్నాను. అక్కడ కూడా అందరూ అవ్వ అనో, చిన్నమ్మ అనో ఏడ్చారు.

పొడుగు మనిషి. కురుమల ఇంటి ఆడది. వయసంతా గొర్ల వెంట నడిచిన కాళ్ళు కాబట్టి కూర్చున్నప్పుడు కూడా ఎటో బయలుదేరినట్టు ముందుకు చాచి ఉండేవి. ఎండాకాలంలోనూ భుజం మీద నల్ల గొంగడి. కళ్ళకు పొర వచ్చి, ఎదుటి మనిషిని గొంతును బట్టి, కూరను వాసనను బట్టి గుర్తుపట్టేది. కుడి జబ్బకు వెండి దండకడెం. ఒకప్పుడు అది కండలోకి దిగబడి ఉండేదట. నేను చూసేనాటికి జబ్బ సన్నబడి, కడెం కిందికి పైకి జారుతుండేది. ఈ కడెం గురించి మళ్ళీ చెప్తాను, ఎందుకంటే మా వీధి మొత్తం దాన్ని చూసే వంట చేసుకునేది.

ఆ వీధిలో దర్జీ భార్యను అందరూ బీబీ అనేవాళ్ళు. వాళ్ళ ఇంటి వెనక అర్రలో అవ్వ ఉండేది. ఉంటోంది అంటే అవ్వ ఒప్పుకునేది కాదు.

"ఉంటలేను. కావలి కాస్తున్న" అనేది.

కళ్ళు కనపడని మనిషి కావలి ఏమిటని కొత్తలో నేను అడిగాను.

"నాకు కనపడదని దొంగకేమెరుక?" అంది.

నిజమే, ఆ ఇంట్లో ఎన్నడూ దొంగతనం జరగలేదు.

అవ్వ ఎవరి దగ్గరా ఏదీ తీసుకునేది కాదు. తనిఖీ చేసేది. అక్క కొడుకు మల్లయ్య పానగల్ వైపు గొర్లు, మేకలు కాసుకునేవాడు. ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా చెంబుతో మేకపాలు తెచ్చేవాడు.

"నీళ్ళు కలిపినవా?"

"లేదు చిన్నమ్మా."

"కలిపినోడు కలిపిన్నంటడా?"

అని చెంబు ఎత్తి ఒక గుటక వేసేది. ఆలోచించేది. ఇంకో గుటక వేసేది. అనుమానం ఎప్పుడూ చెంబు అడుగునే తీరేది. "కలపలే" అని చెంబు బోర్లించి ఇచ్చేది. మల్లయ్య నిర్దోషిగా ఇంటికి వెళ్ళేవాడు.

ఉప్పు చూడటం ఎలా మొదలైందో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. కురుమల దావతుల్లో యాట కోసి కూర ఉడికిస్తుంటే గుండిగ పక్కన నిలబడి, ఆవిరి పీల్చి "ఇంకో పిడికెడు" అని చెప్పేదట. మగవాళ్ళు నోరెత్తకుండా ఇంకో పిడికెడు వేసేవాళ్ళట. ఆ పేరు మిగిలిపోయింది. భర్త పోయి, మంద అక్క కొడుక్కి అప్పగించి, ఊళ్ళోకి వచ్చి చేరాక, వీధి ఆడవాళ్ళు గిన్నెలో ఇంత కూర, రెండు జొన్నరొట్టెలు పట్టుకెళ్ళి "అవ్వా, జర ఉప్పు చూడు" అనడం అలవాటైంది. వంతుల వారీగా, రోజుకో ఇల్లు పొద్దున, ఇంకో ఇల్లు సాయంత్రం.

అవ్వకు దీనిమీద స్పష్టమైన అభిప్రాయం ఉండేది.

"ఎవ్వల ఉప్పు తినలే నేను. ఉప్పు తింటె కట్టువడి ఉండాలె. వాని ముంగట సచ్చేదాక తల వంచాలె. నేను చూస్తున్న. చూసుడు వేరు, తినుడు వేరు."

ఈ తేడా ఎంత గట్టిదంటే, ఒకసారి వాళ్ళ కులపెద్ద వచ్చి నిలదీశాడు. సర్కారు దవాఖానలో ఆయాగా పనిచేసే మరియమ్మక్క కుటుంబం చర్చికి పోయేవాళ్ళు. "వాళ్ళ గిన్నెల తింటున్నవట" అన్నాడు.

"తింటలేను, చూస్తున్న. నీకు కండ్లు గిట్ల పోయినయా?" అంది కళ్ళు లేని అవ్వ.

ఆయన దాని మీద పంచాయితీ పెట్టలేదు. పెడితే ఏమని పెడతాడు?

నేను పెళ్ళై ఆ వీధికి వచ్చేనాటికి బి.ఏ. పాసై ఉన్నాను. అవ్వ నన్ను బియ్యే అని పిలిచేది. వంట కాలేజీలో నేర్పలేదు. పాలమూరులో మా అమ్మ నేర్పింది, అందులోనూ ఉప్పు విషయంలో కఠినంగా నేర్పింది. నా వంతు వచ్చినరోజు పప్పు వండి, గిన్నె కడిగి తుడిచి, పట్టుకెళ్ళాను. అవ్వ ఒక్క ముద్ద నోట్లో వేసుకుంది.

"మంచిగ కుదిరింది. సాలు" అని గిన్నె వెనక్కి నెట్టింది.

తర్వాతి వంతుకు పచ్చిపులుసు. "సాలు." ఆ తర్వాత పుంటికూర. "సాలు, బియ్యే. నీ చెయ్యి మంచిది." నేను ఆ మాటను మా ఆయనకు రెండుసార్లు చెప్పాను.

మరునాడు పొద్దున్నే బీబీ వచ్చింది. పెదాల మధ్య దారం ముక్క అలాగే ఉంది. కాజాలు కుట్టడం మధ్యలో ఆపి వచ్చింది.

"క్యా బేటీ, ముసల్దాన్ని సంపుతవా ఏంది?"

"నేనేం చేసిన?"

"మంచిగ వండుతున్నవ్!"

నాకు అర్థం కాలేదు. బీబీ గడప మీద కూర్చుని, మందబుద్ధి పిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"ఉప్పు సరింగ ఉంటె ఒక్క ముద్దల తెలుస్తది. తెలిసినంక ఇంకో ముద్ద ఎందుకు చూస్తది? సప్పగుంటేనే గద అడుగుదాక చూసేది! నిన్న నీ వంతు. నిన్న ఆ పూటంత పస్తే ఉన్నది. మొన్న నీ వంతప్పుడు గూడ గంతే."

"మరి ముందే చెప్పొచ్చు గదా?"

"గిది గూడ చెప్పాల్నా? బియ్యే చదివినవంటిరి!"

అప్పుడు తెలిసింది, ఆ వీధిలో ఇన్నేళ్ళుగా ఆడవాళ్ళందరూ తమ వంతు రోజున కావాలని ఉప్పు తప్పేస్తున్నారని. తక్కువ వేస్తే అవ్వ ముద్ద మింగి, మొహం చిట్లించి, "జర సప్పగుంది. పైన చూస్తే ఏం తెలుస్తది, అడుగు వేరే ఉంటది" అని గిన్నె అడుగు దాకా వెళ్ళేది. ఎక్కువ వేస్తే ఇంకా మంచిది. "గింత ఉప్పుకు ఎన్ని రొట్టెలు పడ్తయో చూడాలె" అని రొట్టెలు కూడా చూసేది. చివరికి ఖాళీ గిన్నె చేతికిచ్చి తీర్పు చెప్పేది: "చిటికెడు తక్కువైంది. వెయ్యి."

దేంట్లో వేయాలని ఎవరూ అడిగేవారు కాదు. "అట్లనే అవ్వా" అని గిన్నె తెచ్చుకునేవాళ్ళు.

సరిగ్గా వేయడం నేర్చుకున్న చేతికి తప్పు వేయడం కష్టం. నా చెయ్యి దానంతట అదే సరిపడా వేసేది. ఒకరోజు పట్టుదలగా అసలు వేయకుండానే పట్టుకెళ్ళాను. అవ్వ గిన్నె అడుగు దాకా చూసి, గొంతు తగ్గించి, "బియ్యే, ఇంట్ల ఉప్పు నిండుకున్నదా? సిగ్గువడకు. బీబీనడిగి ఇప్పిస్త" అంది.

తప్పు కూడా కొలతగా చేయాలని అలా నేర్చుకున్నాను. వంతు రోజున ఇంట్లోవాళ్ళకూ అదే కూర. మగవాళ్ళు ఎవరూ ఏమీ అనేవారు కాదు. మా ఆయన మాత్రం మొదటి ముద్దకే "ఇవాళ మనమా?" అని, చొక్కా జేబులోంచి కాగితం పొట్లం తీసి ఇంత ఉప్పు కలుపుకునేవారు. ఆ పొట్లం ఆయనకు ఎదురింటాయన నేర్పాడట.

కడెం సంగతి ఇప్పుడు చెప్తాను. ఏ ఇల్లు ఎంత తప్పేయాలో నిర్ణయించేది బీబీ. బీబీకి చెప్పేది అవ్వ కడెం. కడెం జబ్బ మీద ఆగితే చిటికెడు తక్కువ చాలు. మోచేతి మీదికి జారిందంటే బీబీ చీర కొంగు నడుముకు దోపుకుని ఇంటింటికీ వెళ్ళేది. "కడెం దిగింది" అనేది. అంతే. ఆ వారం వీధి వీధంతా కూరలు పాడయ్యేవి.

నా బిడ్డ పుట్టిన ఏడాది ఎండలు గట్టిగా కొట్టి, అవ్వకు జ్వరం తగిలి, కడెం మోచెయ్యి దాటి ముంజేతికి వచ్చేసింది. అవ్వ తల వంచి దాన్ని తడుముకుని "గిది నాకంటె ముందుగాల పోయేటట్టున్నది" అంది. ఆ రోజు నుంచి బీబీ చప్పిడి వద్దంది. "ఎక్కువెయ్యిండ్రి. రొట్టెలు పోవాలె కడుపుల" అంది. అందరం ఎక్కువ వేశాం. చింతకాయ తొక్కులు, ఎండు చేపల పులుసు, ఉప్పు వేసి కాచిన గంజి. అవ్వ "ఏమైంది మీ చేతులకు!" అని తిడుతూ రొట్టె మీద రొట్టె చూసింది. ఎండలు తగ్గేసరికి కడెం పైకి ఎక్కడం మొదలుపెట్టింది. మోచెయ్యి దాటింది. జబ్బ మీద నిలిచింది. ఒకరోజు బీబీ వేలు దూర్చబోతే దూరలేదు. బీబీ సంతోషం పట్టలేక దర్గాలో మలీదా చదివించి వీధంతా పంచింది. మల్లయ్య నా చేతులు పట్టుకోబోయి, మర్యాద గుర్తొచ్చి, మా ఆయన చేతులు పట్టుకున్నాడు.

మా పాపకు అప్పుడప్పుడే కాళ్ళు ఊనడం వస్తోంది. ఒక సాయంత్రం అవ్వ కాళ్ళ మీద నిలబెట్టి చంకల కింద పట్టుకున్నాను. పిల్ల ఎగిరింది, నవ్వింది. దాన్ని ఎత్తుకున్నాక చూస్తే, అవ్వ కాలి మీద పాప మడమ దిగిన చోట గుంట పడి ఉంది. నేను ముందు పాప మడమకు ఏమైనా అయిందేమోనని తిప్పి తిప్పి చూశాను. ఏమీ కాలేదు. మళ్ళీ అవ్వ కాలు చూశాను. గుంట అలాగే ఉంది. పిండి ముద్దలో వేలు పెట్టినట్టు.

అది కండ కాదు. నీరు.

మల్లయ్య బండి కట్టుకొచ్చాడు. దవాఖానలో డాక్టరు గొట్టం పెట్టి విని, కాలు నొక్కి చూసి, నన్నూ మల్లయ్యనూ లోపలికి పిలిచాడు.

"ఏం తింటుంది?"

మల్లయ్య నిజం చెప్పాడు. "ఏం తినదు సారూ. చూస్తది."

డాక్టరు నావైపు తిరిగాడు.

"ఉప్పు చూస్తుందండి" అన్నాను. అది ఇంకా అధ్వానంగా వినిపించింది.

"గుండె బలం తగ్గింది. ఒళ్ళంతా నీరు పడుతోంది. మందులిస్తాను. ఉప్పు మాత్రం పూర్తిగా బంద్. చిటికెడు కూడా వద్దు. లేకపోతే మనిషి దక్కదు" అన్నాడు.

అదే సమయానికి వరండాలోంచి అవ్వ గొంతు వినిపించింది. మరియమ్మక్క రోగుల కోసం తెచ్చిన గంజి గిన్నె ఆమె చేతిలోకి ఎలా వెళ్ళిందో తెలియదు.

"గీ గంజిల ఉప్పే లేదు మరియమ్మా! ఎవ్వలు కాసిన్రు? పిలువు వాన్ని!"

ఆ సాయంత్రం బీబీ ఇంటి అరుగు మీద, కుట్టుమిషను చుట్టూ కూర్చున్నాం. నేను, బీబీ, మరియమ్మక్క. అవ్వకు ఉన్నమాట చెప్పేద్దామన్నాను.

"ఏమని చెప్తవ్?" అంది బీబీ. "ఉప్పు ముట్టొద్దంటవ్. ఉప్పు లేకుంటె చూసేదేంది? చూసేది లేకుంటె గిన్నె ఎందుకు పట్టుకుంటది? బిచ్చమెత్తుకుంటదా?"

మరియమ్మక్క దవాఖాన చీర కొంగు మడత పెట్టి విప్పి మళ్ళీ మడత పెట్టింది. "అమ్మో, అది సావనన్న సస్తది గని చెయ్యి సాపది" అంది.

చెప్పవద్దని అనుకున్నాం. ఏమీ చెప్పకుండా ఉప్పు మానేయాలనుకున్నాం.

మొదట్లో అంతా బాగానే నడిచింది. ఏ ఇంటి గిన్నె వెళ్ళినా అవ్వ "ఉప్పు లేదు" అనేది, అడుగు దాకా చూసేది, మేం సంబరపడేవాళ్ళం. తర్వాత గిన్నె చేతిలో పట్టుకుని ఆలోచించడం మొదలుపెట్టింది.

"బీబీ, ఊరంత ఉప్పు కరువొచ్చిందా?"

"కొత్త ఉప్పు అవ్వా. లారీల మీదికెల్లి వచ్చింది. సప్పగుంటది" అంది బీబీ.

"ఉప్పు సప్పగుండుడేంది? రేపు నిప్పు సల్లగున్నదంటవ్."

అవ్వ నోట్లో ముద్దను అటు దవడకూ ఇటు దవడకూ తిప్పింది. ఇంత మంది ఆడవాళ్ళు, అన్ని ఇళ్ళలో, ఒకేసారి ఉప్పు మరిచిపోరు. ఇది ఆమె లెక్క. లెక్క సరైనదే. జవాబు మాత్రం మేం అనుకున్నది రాలేదు.

"మీరంత మంచిగనే వేస్తున్నరు. నా నాలుకే సచ్చింది" అంది.

గిన్నె పక్కన పెట్టి, గొంగడి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది. సాయంత్రం వంతు ఇల్లు వాళ్ళు గిన్నె తెస్తే, "నన్నడగకుండ్రి. తెలువని పని చెయ్యొద్దు" అంది. మరునాడూ అంతే. మల్లయ్య పాలు తెచ్చాడు.

"నీళ్ళు కలిపిన చిన్నమ్మా" అన్నాడు పాపం, ఆశపెట్టడానికి.

"కలిపినా ఇగ నాకెర్కగాదు బిడ్డా" అంది. మునుపెన్నడూ అతన్ని బిడ్డా అనలేదట. జబ్బ వాపు తగ్గి కడెం వదులైంది. దాన్ని మోచేతి మీదుగా, మణికట్టు మీదుగా సులువుగా లాగేసి అతని చేతిలో పెట్టింది.

మల్లయ్య కడెం పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. "నా ఎంబడి రా. మా ఇంట్ల కూసుండి తిందువు" అన్నాడు.

"కూసుండి తినెటందుకు నేనేమన్న దొరసాన్నా? ఇన్నేండ్లు ఎవ్వల ఉప్పు తినలే. పోయేముంగట అక్క కొడుకు ఉప్పు తినాల్నా?"

బీబీ తిట్టింది. మరియమ్మక్క బతిమాలింది. నేను పక్కన నిలబడ్డాను. అవ్వ మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టలేదు.

ఇక్కడ నేను ఏదో ఉపాయం చేశానని తర్వాత వీధిలో చెప్పుకున్నారు. నేను ఏ ఉపాయమూ చేయలేదు. భయపడ్డాను, అంతే. అది నాకు ఎప్పుడూ వచ్చే పనే. పాపకు అన్నం అలవాటు చేస్తున్న రోజులు. ఏడాది నిండే దాకా ఉప్పు తగలకూడదని మా అమ్మ మరీ మరీ చెప్పి పంపింది. మూడోనాడు పొద్దున బియ్యం, పెసరపప్పు మెత్తగా ఉడికించి మెదుపుతుంటే, ఇందాక నా చెయ్యి ఉప్పుకుండలోకి వెళ్ళిందా లేదా అని అనుమానం వచ్చింది. నాలుక మీద వేసుకుంటే ఉప్పగా ఉంది. మళ్ళీ వేసుకుంటే లేదు. మూడోసారి నాకు ఏ రుచీ తెలియలేదు. మా ఆయన ఆఫీసులో ఉన్నారు. పాపను చంకనేసుకుని, గిన్నె పట్టుకుని బీబీ ఇంటి వెనక్కి పరుగెత్తాను.

"అవ్వా, దీంట్ల ఉప్పు వడ్డదా చూడు!"

"నన్నడగకు బియ్యే. నా నాలుక సచ్చింది."

"నాదీ సచ్చింది. బిడ్డకు ఉప్పు తగలొద్దు అవ్వా. వడ్డదేమోనని భయమైతున్నది."

"బియ్యే సదివినవ్ గద."

"బియ్యేల ఉప్పు చెప్పలేదు!" అన్నాను, ఏడుపు గొంతుతో.

అవ్వ గోడవైపు నుంచి ఇటు తిరిగింది. లేచి కూర్చుంది. వేళ్ళతో కొంచెం తీసుకుని నాలుక మీద పెట్టుకుంది. పొర కమ్మిన కళ్ళు మూసుకుంది. నా పాప కూడా నోరు తెరిచి ఆమె నోటి వైపే చూస్తోంది.

"లేదు" అంది.

"నిజంగా?"

"లేదంటే లేదు. ఒక్క రవ్వ లేదు."

ఆ నాలుక బతికే ఉందని నాకు ఆ క్షణంలో తట్టలేదు. నా ఫికర్ నాది. "అడుగున? ఉప్పు అడుగుకు దిగుతది గదా?" అన్నాను.

అవ్వ నావైపు ముఖం తిప్పింది. ఆ మాట ఆమెదే.

"అవు. అడుగు చూడాలె" అంది.

చూసింది. పక్కలు చూసింది. గిన్నె వంచి అడుగు చూసింది. ఒక్కో ముద్దకూ "లేదు" అంటూ, చివరి మెతుకు దాకా చూసి, వేళ్ళు నాకి, ఖాళీ గిన్నె నా చేతిలో పెట్టింది.

"యాడ లేదు. పెట్టు బిడ్డకు."

పెట్టడానికి ఏమీ మిగల్లేదు. పాప ఆ సంగతి నాకంటే ముందే గ్రహించి గుక్కపట్టి ఏడ్చింది. మిషను దగ్గర నుంచి బీబీ పరుగెత్తుకొచ్చి, ఖాళీ గిన్నెను చూసి, అవ్వ మూతిని చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

మరునాటి నుంచి ఆ వీధిలో పసిపిల్లలు ఎక్కువైపోయారు. కాన్పులేవీ జరగలేదు. అయినా ఇంటింటి నుంచీ గిన్నెలు వచ్చాయి. "బిడ్డకోసం వండిన అవ్వా, ఉప్పు గిట్ల వడ్డదేమో చూడు." అవ్వ "లేదు" అనేది. ఆ మాట నిజమయ్యేది. అడుగు దాకా చూసేసరికి మరీ నిజమయ్యేది. చప్పిడి పప్పు, చప్పిడి జొన్నగటుక, చప్పిడి సొరకాయ. కాళ్ళ వాపు కూడా తగ్గింది. కడెం మల్లయ్య దగ్గరే ఉండిపోయింది, అవ్వ అడగలేదు.

మరియమ్మక్క కొడుకు అప్పటికే లారీ నడుపుతున్నాడు. ఆమె కూడా ఒకరోజు గిన్నె తెచ్చి, "బిడ్డకోసం" అంది. అవ్వ అందుకుని, వాసన చూసి, తాపీగా అడిగింది:

"మరియమ్మా, మీ పసిపోరడు ఇయ్యాల గడ్డం గీసుకున్నడా?"

మరియమ్మక్క "గీసుకున్నడు అవ్వా" అంది.

"మంచిది" అని అవ్వ చూడటం మొదలుపెట్టింది.

మా ఆయనకు నందికొండ బదిలీ అయ్యి సామాను బండికెత్తిన రోజు కూడా పాప గిన్నె పట్టుకెళ్ళాను. పాపకు అప్పటికి ఏడాది దాటింది, ఉప్పు తింటోంది. ఆ సంగతి అవ్వకు చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. "ఆడ నీళ్ళెట్లుంటయో ఏమో. దీన్ని కృష్ణ ఒడ్డుకు పోనియ్యకు" అంది. పాపను దగ్గరికి తీసుకుంటుందేమోనని చూశాను. గిన్నె తీసుకుంది.

నిన్న ఊరి బయట మల్లయ్య చెలకలో పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళ కోసం వండింది ఆకులో పెడితే కాకి వచ్చి ముట్టాలి. ముడితే తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. ఇంటింటి నుంచీ గిన్నెలు వచ్చాయి. యాటకూర, పప్పు, పుంటికూర, తొక్కు, మల్లయ్య చెంబెడు మేకపాలు. అన్నిట్లోనూ ఉప్పు సరిగ్గా వేశారు. ఇన్నాళ్ళకు అవ్వ పేరు మీద ఆ వీధిలో ఎవరి చెయ్యీ తప్పు చేయలేదు.

కాకి ముట్టలేదు.

వచ్చింది గానీ, తుమ్మ కొమ్మ మీద కూర్చుని ఆకు వైపు చూసి ముఖం తిప్పుకుంది. అందరం దూరం జరిగాం. మల్లయ్య చేతులు జోడించి ఒక్కొక్క మాటా ఇస్తూ పోయాడు. గొర్లను మంచిగ చూసుకుంట చిన్నమ్మా. కడెం అమ్ముకోను, నా బిడ్డ, నీ మనవరాలి పెండ్లికి పెడ్త. కల్లు పోయడం మరిచిపోయామేమోనని ఎవరో అంటే కల్లు కూడా తెచ్చి పోశారు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. కాకి కదల్లేదు.

"తిను చిన్నమ్మా" అన్నాడు మల్లయ్య. "నీ కాళ్ళు మొక్కుత, తిను."

బీబీ అంతవరకూ గట్టు అవతల, తనకు సంబంధం లేని పండగకు వచ్చినట్టు దూరంగా నిలబడి ఉంది. ఆ మాట వినేసరికి నెత్తి మీది కొంగు సర్దుకుని, పెద్దమనుషుల మధ్యలోంచి ముందుకు వచ్చింది.

"తినుమంటే తింటదా? ఎన్నడన్న తిన్నదా?" అని మల్లయ్యను కసిరి, తుమ్మ కొమ్మ వైపు తలెత్తి, వీధి చివరి దాకా వినపడే ఆ గొంతుతో అరిచింది:

"ఓ అవ్వా! తినుమంటలేము! జర ఉప్పు చూడు!"

కాకి దిగింది. ఆకు అంచున రెండు అడుగులు వేసి, తల పక్కకు వంచి, పప్పు కలిపిన మెతుకులు ఒక్క ముక్కుపిడి తీసుకుంది. మళ్ళీ ముట్టలేదు. ఎగిరిపోయింది.

మల్లయ్య బెంబేలెత్తి బీబీ వైపు తిరిగాడు. "గంతేనా? ఒక్క ముద్దే ముట్టింది బీబీ. మిగిలింది మిగిలినట్టే ఉన్నది."

బీబీ కళ్ళు తుడుచుకుంది.

"సాలన్నదిరా. మంచిగ కుదిరింది."